వదిలేస్తే అయిపోతుందా?

తినని చేపని పట్టడం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాని పని. మాది కొల్లేరు పక్క ఊరు. అక్కడ చేప అంటే కూర, లేదంటే అమ్మకం. బొచ్చె, శీలావతి లారీలకెక్కి వెళ్ళిపోవడం చూస్తూ పెరిగినవాళ్ళం. కాలవ గట్టున సరదాగా గాలం వేసుకుని కూచునే పిల్లలు ఉండేవాళ్ళు, కానీ కొరమీను పడిందంటే అది ఇంటికే వచ్చేది. నేను టెక్సస్‌లో శనివారాలు చేపలు పట్టడానికి వెళ్తున్నానని తెలిసి అమ్మ మొదట సంతోషించింది, వండుకుంటున్నాననుకుని. పట్టి, కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తామని చెప్పాక ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. "తినేదుంటే పట్టు నాన్నా, లేదంటే దాని జోలికెందుకు? నోట్లో ముల్లు గుచ్చి ఆడుకోవడమేంటి?" అంది.

ఈ ప్రశ్నకి ఇక్కడ అందరి దగ్గరా ఒకే జవాబుంటుంది: చంపట్లేదు కదా. చంపకపోతే చాలా, వదిలేస్తే మన పని అయిపోయినట్టేనా అన్నదే నా ప్రశ్న. ఇది పెద్ద సరస్సు దగ్గర పుట్టే ప్రశ్న కాదు. ఎకరంన్నర చెరువు దగ్గర మాత్రం తప్పించుకోలేం.

ఆ చెరువు డాలస్‌కి గంటన్నర దూరంలో ఒక పెద్దాయన పొలంలో ఉంది. టెక్సస్‌లో ఇలాంటి చెరువుని 'ట్యాంక్' అంటారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌లో ఉన్న ట్యాంకూ ఇదే మాట. నిఘంటువుల్లో దీని మూలం వెతికితే గుజరాతీ, మరాఠీ మాటల దాకా వెళ్తారు, పోర్చుగీసు ప్రస్తావన కూడా వస్తుంది. పశువులు నీళ్ళు తాగడానికి మట్టికట్ట వేసి నిలబెట్టిన నీళ్ళు. 1930ల కరువులూ దుమ్ము తుఫానుల తర్వాత నేల కొట్టుకుపోకుండా కాపాడుకోవడానికి అమెరికా ప్రభుత్వం రైతులకి సాయం చేసిన పనుల్లో ఇలాంటి చెరువులు తవ్వించడం ఒకటి. నీళ్ళు నిలిచాక చేపలు వేశారు. అంటే ఆ చెరువు దేవుడిచ్చిందీ కాదు, అందులో చేపలు వాటంతటవి వచ్చినవీ కాదు. ఎవరో తవ్వారు, ఎవరో పోశారు.

అందులో ఉండేది లార్జ్‌మౌత్ బాస్. పేరుకి తగ్గట్టే నోరు పెద్దది, తెరిస్తే పిడికిలి పట్టేంత. ఆకుపచ్చ ఒళ్ళు, పక్కన నల్లటి చార. మన కొరమీనులాగే వేటాడి తినే జాతి, గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాసే జాతి. దానికి తిండిగా అదే చెరువులో బ్లూగిల్ అనే అరచేతంత చేప ఉంటుంది. తమాషా ఏమిటంటే తినేదీ తినబడేదీ రెండూ ఒకే కుటుంబం, సన్‌ఫిష్‌లే.

సర్కారు నీళ్ళలో పట్టాలంటే లైసెన్సు తీసుకోవాలి. సొంత చెరువులో కావలసింది యజమాని మాట. ఆ మాట కాగితం మీద ఉండదు గనక దాని బరువు ఎక్కువ. గేటు ఎలా ఉంటే అలా వదలాలి, తెరిచున్నది తెరిచే, మూసున్నది మూసే. ఆవుల మధ్యలోంచి కారు వేగంగా నడపకూడదు. తెగిన ప్లాస్టిక్ దారం ఒక్క ముక్క కూడా గట్టు మీద వదలకూడదు. చెప్పకుండా మూడో మనిషిని తీసుకురాకూడదు. ఇవన్నీ మర్యాదలే, ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టింది పోయిన వసంతంలో ఆయన అడిగిన పని.

"ఈ వేసవిలో 14 అంగుళాల లోపు బాసుల్ని ఓ 30 తీసెయ్యండి. తింటారో, ఎవరికైనా ఇస్తారో మీ ఇష్టం. మళ్ళీ నీళ్ళలో మాత్రం వెయ్యొద్దు."

నాతో వచ్చే మిత్రుడిది కర్నూలు. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టనివాడు. గాలం వెయ్యడంలో నాకంటే నేర్పరి. ముల్లుకి కొక్కెం లేకుండా నలిపేసి వాడతాడు, తేలిగ్గా ఊడొస్తుందని. చేపని తడిచేత్తోనే పట్టుకుంటాడు, ఒంటి మీది జిగురు పోకూడదని. పెద్దదాన్ని కింది పెదవి ఒక్కటీ పట్టి వేలాడదీయడు, రెండో చెయ్యి పొట్ట కింద ఆనిస్తాడు. పెద్దాయన మాట వినగానే వాడి మొహం మారిపోయింది. "నేను చంపడానికి రాలేదురా. చంపమంటే ఇంక రాను," అన్నాడు కార్లో.

వాడి వైపు ఎంత చరిత్ర ఉందో ముందు చెప్పాలి. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. ప్రపంచ రికార్డు. ఆ చేపని ఏం చేశాడు? ఇంటికి తీసుకెళ్ళాడు, ఇంటిల్లిపాదీ తిన్నారు. ఆర్థిక మాంద్యం రోజులు, పది కిలోల చేపని వదిలేస్తే పిచ్చివాడనేవాళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత, 1972లో, బాస్ వేట పోటీల్ని పెద్ద ఎత్తున నడిపిన రే స్కాట్ తన పోటీల్లో పట్టిన చేపని చంపొద్దని ప్రచారం మొదలుపెట్టాడు. వందల పడవలు దిగి దొరికిన చేపనల్లా తీసుకుపోతే సరస్సులు ఖాళీ అవుతాయన్న భయం న్యాయమైనదే. ఒక తరంలో అలవాటు తిరగబడింది. వదలడం సంస్కారమైంది, తీసుకెళ్ళడం మొరటుతనమైంది. నా మిత్రుడు ఈ సంస్కారాన్ని తన ఇంటి అహింసతో కలిపి చూసుకున్నాడు. రెండూ చక్కగా అతుక్కున్నాయి.

కానీ వదిలెయ్యడం అన్న పనికి అన్నిచోట్లా ఒకే విలువ లేదు. స్విట్జర్లాండ్‌లో, వదిలేద్దామన్న ఉద్దేశంతో చేపని పట్టడానికే వీల్లేదు. జర్మనీలో సరైన కారణం లేకుండా జంతువుకి నొప్పి కలిగించడం నేరం. తిండి కారణమవుతుంది, సరదా కాదు. మా అమ్మ ఫోన్లో అన్నదే వాళ్ళు చట్టంలో రాసుకున్నారు. జపాన్‌లో బివా సరస్సు ఉన్న షిగా రాష్ట్రంలో 2003 నుంచి పట్టిన బాస్‌ని తిరిగి నీళ్ళలో వదలకూడదు. అక్కడి కారణం వేరు. బాస్ ఆ దేశపు చేప కాదు, 1925లో అమెరికా నుంచి తెచ్చి పెట్టింది. వదిలిన ప్రతి బాసూ అక్కడి సొంత చేపల్ని మింగుతుంది. జార్జ్ పెర్రీ రికార్డుతో సమానమైన బాస్ 2009లో దొరికింది కూడా ఆ సరస్సులోనే.

చెయ్యి అదే, చేప అదే, నీళ్ళలోకి జారవిడిచే ఆ ఒక్క క్షణమూ అదే. ఒకచోట అది సంస్కారం, ఒకచోట క్రూరత్వం, ఇంకోచోట ఇంకో జాతికి చేసే ద్రోహం. అంటే మంచీచెడూ వదలడంలో లేదు. ఏ నీళ్ళలోకి వదులుతున్నామన్న దాంట్లో ఉంది.

నొప్పి సంగతి దాటెయ్యకూడదు. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, కొన్నిటికి ఆమ్లం ఎక్కించి చూసింది. ఆమ్లం ఎక్కించిన చేపలు పెదవుల్ని అడుగున గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. ఇలా ఎక్కించినవి చాలాసేపు తిండి ముట్టలేదు. అంతకు ముందే జేమ్స్ రోజ్ అనే శాస్త్రవేత్త, నొప్పి తెలియడానికి కావలసిన మెదడు పొర చేపలకి లేదు, కాబట్టి అది మనం అనుకునే నొప్పి కాదు అని వాదించాడు. వాదం ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం పెదవి రుద్దుకునే చేప అనుమానం మిగిల్చింది, ఆ అనుమానం చాలు. వదిలేసినా చంపినా ఈ బాకీ ముల్లు గుచ్చుకున్నప్పుడే మొదలవుతుంది. మిత్రుడు కొక్కెం నలిపేది వడ్డీ తగ్గించుకోవడానికి. అసలు అలాగే ఉంటుంది.

ఇప్పుడు చెరువు లెక్క. ఈ లెక్క మొదట చక్కగా వేసినవాళ్ళలో అలబామాలోని ఆబర్న్‌లో పనిచేసిన హోమర్ స్వింగిల్ ఒకడు. పల్లె కుటుంబాలకి తిండీ కాలక్షేపమూ దొరికేలా చెరువులో ఏ చేపలు ఎన్ని వెయ్యాలని 1930ల నుంచి పరీక్షలు చేశాడు. అప్పటి నుంచీ వస్తున్న సూత్రం, ఒక బాస్ పిల్లకి పది బ్లూగిల్ పిల్లలు. బాస్ ఒక పౌండు పెరగాలంటే దాదాపు పది పౌండ్ల చిన్న చేపల్ని మింగాలని రైతులు వాడే మోటు లెక్క. బాస్ ఏటా గుడ్లు పెడుతుంది. పుట్టినవాటిని ఎవరూ తియ్యకపోతే బాసులెక్కువై బ్లూగిల్ పిల్లల్ని పెరగకముందే ఊడ్చేస్తాయి. అప్పుడు మిగిలేవి తల పెద్దగా, ఒళ్ళు సన్నగా, నాలుగైదేళ్ళొచ్చినా పన్నెండంగుళాలు దాటని బాసులు. పెద్దాయన చెరువులో మాకు పడుతున్నవి అవే. చేతిలోకి తీసుకుంటే పొట్ట లోపలికి పోయి ఉంటుంది. వాటిని ముద్దుగా, తడిచేత్తో, ప్రతి శనివారం ఆకల్లోకి వదిలిపెట్టి వస్తున్నాం.

మన రాజనీతిలో మత్స్యన్యాయం అని ఒక మాటుంది. పెద్ద చేప చిన్న చేపని మింగడం. దండం పట్టే రాజు లేకపోతే లోకం అలా అయిపోతుందని అర్థశాస్త్రం హెచ్చరిస్తుంది. అసలు చేపల దగ్గరికొస్తే అది తలకిందులైంది. ఇక్కడ మత్స్యన్యాయమే చెరువుకి తిండి పెట్టే ఏర్పాటు. అది ఆగిపోయి పెద్ద చేపలే లేకుండా అన్నీ ఒకే సైజులో బక్కచిక్కిపోవడం అరాజకం. దండం పట్టాల్సిన పెద్దాయనకి డెబ్బై దాటాయి, ఎండలో గట్టు మీద నిలబడలేడు. ఆ దండాన్ని మా చేతిలో పెట్టాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, మిత్రుడు దాన్ని వెంటనే పట్టుకున్నాడు. "చెరువు బాగుండాలి అంటున్నారు సరే. ఎవరికి బాగు? చేపకా, ఆయన మనవడికా?" నిజమే. స్వింగిల్ 'సమతుల్యం' అన్నాడంటే ఏటా మనిషి తీసుకోదగ్గ చేప తగినంత ఇచ్చే చెరువని అర్థం. అది అడవి మాట కాదు, పంట మాట. బాసులు కిక్కిరిసిన చెరువులో తప్పించుకుని పెరిగిన కొద్ది బ్లూగిల్స్ బాగా బలుస్తాయి, కొందరు యజమానులకి కావలసిందే అది. కాబట్టి 'ప్రకృతి కోసం చంపుతున్నాం' అనే మాట నా నోటికి రాదు. ప్రకృతి నన్నేమీ అడగలేదు. అడిగింది ఒక మనిషి, తాను తవ్విన నీళ్ళ గురించి, తాను పోసిన ప్రాణాల గురించి. నేను ఆయన గేటు తీసుకుని లోపలికొచ్చినవాణ్ణి.

భాగవతంలో సత్యవ్రతుడి కథ అందరికీ తెలిసిందే, మత్స్యావతారం కథ. నది ఒడ్డున తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. ఆయన దాన్ని నీళ్ళలోకి వదిలెయ్యబోయాడు. వదలొద్దంటుంది చేప. అక్కడ పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమంటుంది. కమండలంలో వేస్తే తెల్లారేసరికి పట్టలేదు. ఇంకా పెద్ద పాత్రలో వేశాడు, తర్వాత చెరువులో, మడుగులో, ఆఖరికి సముద్రంలో. ప్రతిచోటా అది పెరిగింది, చోటు చాలలేదు. చిన్నప్పుడు ఇది దేవుడి మహిమగానే విన్నాం. ఇప్పుడు నాకు ఇందులో ఇంకో సంగతి కనిపిస్తోంది. చేతిలోకి వచ్చిన ప్రాణాన్ని వదిలెయ్యడం దయ అనుకున్నాడు రాజు. అది దయ కాదు, వచ్చినదాన్ని పంపించెయ్యడం అని చేప చెప్పింది. అక్కణ్ణుంచి రాజు పని పెరుగుతూనే పోయింది.

వదిలేసే చేతికి ఇష్టమైనది ఆ క్షణం. చేప తోక ఆడించి మసక నీళ్ళలోకి మాయమైపోతుంది, మనకి ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంటుంది. వేల ఎకరాల సరస్సులో ఆ హాయి ఎవరూ అడ్డుకోరు, ఎందుకంటే ఆ చేప తర్వాత ఏమైందో మనకి ఎప్పటికీ తెలియదు. చిన్న చెరువులో అదే చేప మూడు వారాలకి మళ్ళీ గాలానికి పడుతుంది. పెదవి మీద మానిన మచ్చ, ఒళ్ళు ఇంకాస్త సన్నగా. మన దయ లెక్క చెప్పుకోవడానికి తిరిగొచ్చినట్టు.

వసంతంలో ఇది మరీ సూటిగా తెలుస్తుంది. నీళ్ళు కాస్త వేడెక్కగానే మగ బాస్ లోతు తక్కువ చోట తోకతో అడుగు ఊడ్చి పళ్ళెంలాంటి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగది తిండి దాదాపు మానేసి కాపలా ఉంటుంది. గూట్లో ప్లాస్టిక్ వానపాము పడితే దాన్ని కరుస్తుంది, ఆకలితో కాదు, బయటికి విసిరెయ్యడానికి. అలా గాలానికి పడుతుంది. మనం దాన్ని పైకి తీసి, కొలిచి, ఫొటో తీసే ఒకటి రెండు నిమిషాల్లో చుట్టూ కాచుకున్న బ్లూగిల్స్ గూటి మీద పడతాయి. తండ్రిని క్షేమంగానే వదిలాం. గుడ్లు లేవు. చంపలేదు అని చెప్పుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. మా మిత్రుడు ఇది చదివినప్పటి నుంచి గూళ్ళ వైపు గాలం వెయ్యడు, నేనూ వెయ్యను. చిత్రమేమిటంటే బాసులు ఎక్కువైన చెరువులో కొన్ని గూళ్ళు పోవడం లెక్క ప్రకారం మేలే. అయినా వెయ్యం. ఆకలికి ఎర వెయ్యడం వేరు, బిడ్డల మీద కాపలాకి ఎర వెయ్యడం వేరు అనిపిస్తుంది మా ఇద్దరికీ. ఈ ఒక్కచోట లెక్క మాట వినం.

అయితే మొత్తానికి వెళ్ళకుండా ఉంటే పోలేదా? పోతుంది. నిజాయితీ గల జవాబుల్లో అదొకటి. అమ్మ చెప్పింది అదే, తిను, లేకపోతే జోలికి పోకు. ఆ రెంటి మధ్యా మూడో దారి ఉందని చెప్పుకునే మాలాంటివాళ్ళకే చిక్కంతా. వేట మీద పుస్తకం రాసిన స్పానిష్ తాత్వికుడు ఒర్తెగా ఇ గాసెత్, చావు ప్రసక్తి లేని వేట వేటే కాదన్నట్టు వాదించాడు, తుపాకీ బదులు కెమెరా పట్టుకెళ్ళడాన్ని చులకన చేశాడు. నేను అంతదూరం వెళ్ళను. చావు వేటకి గౌరవం తెస్తుందని నాకు అనిపించదు. ఫొటో తీసుకుని చేతులు కడుక్కోవడం మాత్రం నాకు చాలదు.

భారతంలో ధర్మవ్యాధుడు గుర్తొస్తాడు, మిథిలలో మాంసం కొట్టు నడిపే మనిషి. తపస్సు చేసుకునే కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి అతని దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది. దున్నినా మట్టిలో ప్రాణాలు పోతాయి, హింస అంటని బతుకెక్కడుంది అంటాడు వ్యాధుడు. ఈ మాటని చంపడానికి లైసెన్సుగా వాడుకోవడం తేలిక, మనవాళ్ళు చాలామంది వాడుకున్నారు కూడా. కానీ అతను ఆ మాట అన్నది కొట్టు దాచుకుని కాదు. తన పని ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి మాట్లాడాడు. హింస తప్పదు గనక ఏదైనా చెయ్యొచ్చు అనడం ఒకటి. తప్పని హింసలో నా వంతు ఎంతో నాకు తెలియాలి అనడం ఇంకొకటి. రెండోది కష్టం, ఎందుకంటే దానికి లెక్క రాసుకోవాలి.

ఆ వేసవి మేం వెళ్ళాం. మిత్రుడు మూడు వారాలు రాలేదు. నాలుగో వారం తనే ఫోన్ చేసి, చంపడం తన వల్ల కాదనీ, వదలడం కూడా ఇప్పుడు వల్ల కావట్లేదనీ అన్నాడు. వాడిలో ఉన్న ఇబ్బందే సరైనదని నాకనిపించింది. వాడు ఓడిపోయాడని కాదు. చంపకూడదన్న మాట మీద ఉంటూనే, చంపనందువల్ల ఏమవుతోందో చూడ్డానికి ఒప్పుకున్నాడు. అది నాకంటే కష్టమైన చోటు, నేను చేప తినే ఇంట్లో పుట్టినవాణ్ణి.

ఇప్పుడు పని పంచుకున్నాం. 14 అంగుళాల లోపువి నేను ఐసు పెట్టెలో వేస్తాను, పట్టిన వెంటనే తల మీద ఒకే దెబ్బ, గిలగిల కొట్టుకోనివ్వను. పైవి వాడు వదులుతాడు. పల్చటి తెల్లటి మాంసం, అల్లం వెల్లుల్లి కారం పట్టిస్తే వేపుడు బాగుంటుంది, పులుసుకి మాత్రం కొరమీనుకి సాటి రాదు. వాడు తినడు. కానీ ఒక చిన్న నోటుబుక్కు తెచ్చాడు. తేదీ, పొడవు, బరువు, తీశామా వదిలామా అన్నీ రాస్తాడు. తీసిన చేపల పొట్ట కోసినప్పుడు లోపల ఏముందో నన్నడిగి అదీ రాస్తాడు. చాలాసార్లు రాసేది 'ఏమీ లేదు' అని.

మొన్న ఆ పుస్తకం తిరగేశాను. తీసినవి 26 అయ్యాయి. ఒక్క దాని పక్కన మాత్రం అంకెలేమీ లేవు, వాడి రాతలో ఒక వాక్యం ఉంది: పదమూడున్నర, పద్నాలుగని చెప్పి వదిలాను. పెద్దాయనకి చెప్పాలా అని అడిగాడు. చెప్పమన్నాను.